అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ: మన దగ్గర నుంచి అప్లై చేయడం ఎలా?

"అక్కా, ఎమ్మెస్సీ సైకాలజీ అయిపోయింది. అమెరికాలో క్లినికల్ పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఏ కన్సల్టెన్సీకి వెళ్లమంటారు?" సెప్టెంబరు వచ్చిందంటే నాకు ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. అడిగేవాళ్లలో విజయవాడలో బీఏ చదువుతున్నవాళ్లుంటారు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ దారి మార్చుకోవాలనుకునేవాళ్లుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకేచోట రాసిపెడితే మేలనిపించింది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎంఎస్‌కి అప్లై చేసినట్టు దీనికి చేస్తే సీటు రాదు. ఎంఎస్‌లో కాలేజీకి అప్లై చేస్తాం. ఇక్కడ చాలాచోట్ల ఒక ప్రొఫెసర్‌కి అప్లై చేస్తాం. ఆ ఏడాది ఆ ప్రొఫెసర్ ల్యాబ్‌లో ఖాళీ ఉండేది ఒకటే సీటు, మహా అయితే రెండు. ప్రోగ్రామ్ మొత్తానికి తీసుకునేది ఐదు నుంచి పదిమందిని, వచ్చే దరఖాస్తులు కొన్ని వందలు. నేను మొదటిసారి మార్కులు, జీఆర్ఈ చూసుకుని 11 చోట్ల అప్లై చేశాను. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఏడాదిన్నర ఒక రీసెర్చ్ ప్రాజెక్టులో పనిచేసి, ప్రొఫెసర్లను చూసి ఎంచుకుని మళ్లీ అప్లై చేస్తే మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒక సీటు దొరికింది. రెండుసార్లూ మార్కులు అవే.

మీకు నిజంగా డాక్టరేటే కావాలా?

అమెరికాలో లైసెన్స్ ఉన్న సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ డాక్టరేట్ ఉండాలి. అదే కౌన్సెలర్‌గా లేదా థెరపిస్టుగా పనిచేయడానికి రెండు మూడేళ్ల మాస్టర్స్ సరిపోతుంది, దాని లైసెన్స్ వేరు. మనసులో ఉన్నది మనుషులతో కూర్చుని మాట్లాడే పనే అయితే, రీసెర్చ్ మీద ఆసక్తి లేకపోతే, మాస్టర్స్ దారే మంచిది. పీహెచ్‌డీకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అందులో సగం సమయం డేటాతోనే గడుస్తుంది.

ఇండియాకి తిరిగొచ్చి ప్రాక్టీస్ పెట్టాలనే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త తీసుకోండి. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి. పేరు ముందు డాక్టర్ అని వచ్చినంత మాత్రాన ఆ రిజిస్ట్రేషన్ దానంతటదే రాదు. విదేశీ డిగ్రీ విషయంలో ఏం అడుగుతారో వెళ్లకముందే ఆర్‌సీఐకి రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి.

కావలసినవి

- సైకాలజీలో డిగ్రీ లేదా పీజీ. వేరే సబ్జెక్టు వాళ్లయితే కనీసం స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్, అబ్‌నార్మల్ సైకాలజీ, డెవలప్‌మెంటల్ సైకాలజీ లాంటి పేపర్లు చదివి ఉండాలి. మన మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడవు. పీజీ ఉంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.
- ఏడాది నుంచి రెండేళ్ల రీసెర్చ్ అనుభవం
- ముగ్గురి రికమెండేషన్ లెటర్లు
- స్టేట్‌మెంట్ (ఎస్‌ఓపీ), సీవీ
- టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్, అడిగిన చోట జీఆర్ఈ
- సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ)
- దరఖాస్తు ఫీజులకు డబ్బు. ఒక్కో చోట 50 నుంచి 100 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పది చోట్లంటే మంచి మొత్తమే అవుతుంది, ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి.
- కనీసం ఏడాదిన్నర సమయం

1. పీహెచ్‌డీనా, సైడీనా తేల్చుకోండి

పీహెచ్‌డీలో రీసెర్చ్, క్లినికల్ శిక్షణ రెండూ ఉంటాయి. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశంలో ఒప్పుకున్న పద్ధతి ఇది. సైడీలో, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీలో ప్రాక్టీసుకే ప్రాధాన్యం, దానికి 1973 వెయిల్ సమావేశం ఊతమిచ్చింది. లైసెన్స్ విషయంలో రెండూ ఒకటే.

మనకు అసలు తేడా డబ్బు దగ్గర వస్తుంది. మంచి యూనివర్సిటీ పీహెచ్‌డీల్లో సాధారణంగా ఫీజు మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ పని ఇచ్చి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. సైడీలో ఎక్కువచోట్ల ఫీజు మనమే కట్టాలి, ఏడాదికి 40,000 డాలర్లు దాటే చోట్లున్నాయి. అమెరికా ప్రభుత్వం ఇచ్చే విద్యారుణాలు ఎఫ్‌-1, అంటే విద్యార్థి వీసా వాళ్లకు రావు. ఇల్లు తాకట్టు పెట్టి సైడీకి వెళ్లొద్దని నేను గట్టిగానే చెబుతాను. ఇందులో చదువు అయిన మర్నాడే పెద్ద జీతం రాదు, అప్పు తీర్చడానికి ఎంఎస్ వాళ్లకు ఉండే దారి మనకుండదు.

2. ప్రోగ్రామ్‌ని జల్లెడ పట్టండి

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు, అంటే ఏపీఏ అక్రెడిటేషన్ ఉందా లేదా అన్నది మొదట చూడండి. లేకపోతే ఆ పేరు అక్కడే కొట్టేయండి. అది లేకుండా చదివితే తర్వాత, చదువు చివర్లో చేయాల్సిన ఏడాది ఇంటర్న్‌షిప్ దగ్గరా, లైసెన్స్ దగ్గరా అడ్డంకులే. ప్రోగ్రామ్ చెప్పే మాట సరిపోదు, ఏపీఏ సొంత జాబితాలో పేరు వెతకండి. పూర్తిగా ఆన్‌లైన్లో నడిచే ప్రోగ్రాములకు ఏపీఏ గుర్తింపు ఇవ్వదు కాబట్టి "ఇంట్లో కూర్చునే డాక్టరేట్" అనే ప్రకటన కనిపిస్తే అర్థం చేసుకోండి.

తర్వాత చూడాల్సింది ఒక పట్టిక. గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన విద్యార్థుల గణాంకాలను వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. "స్టూడెంట్ అడ్మిషన్స్, అవుట్‌కమ్స్ అండ్ అదర్ డేటా" అనే పేరుతో, చాలాసార్లు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందమైన క్యాంపస్ ఫొటోలు వదిలేసి దీని దగ్గర ఒక అరగంట కూర్చోండి.

మొదట ఇంటర్న్‌షిప్ వరుస చూడండి. ఏపీఏ గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ ఎంత శాతం మందికి వచ్చింది? 90 పైన ఉంటే నిశ్చింత. 80 లోపుంటే నేనైతే వదిలేస్తాను. తర్వాత మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య. ఒక ఏడాది ఒకరు మానేస్తే ఫరవాలేదు, ఏటేటా ఇద్దరు ముగ్గురు పోతుంటే అక్కడ ఏదో ఉంది. తర్వాత చదువు పూర్తికి సగటున పడుతున్న సంవత్సరాలు, ఆ తర్వాత ఖర్చు. లైసెన్స్ శాతాన్ని మాత్రం ఆచితూచి చదవాలి. రీసెర్చ్ మీద బాగా దృష్టి పెట్టే ప్రోగ్రాముల నుంచి చాలామంది ప్రొఫెసర్లవుతారు, లైసెన్స్ తీసుకోరు. అక్కడ ఆ అంకె తక్కువగా ఉండటం లోపం కాదు. ప్రాక్టీస్ కోసమే ఉన్న సైడీలో తక్కువుంటే మాత్రం అది లోపమే.

3. రీసెర్చ్ అనుభవం సంపాదించండి

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. హాస్పిటల్లో నెల రోజుల "ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు" ఐదు జతచేస్తారు. వాటికి ఇక్కడ పెద్ద విలువ లేదు. ఒకే ప్రాజెక్టులో ఏడాది పాటు ఉండి డేటా సేకరించి, శుభ్రం చేసి, విశ్లేషించి, ఒక కాన్ఫరెన్స్ పోస్టర్‌లో పేరు తెచ్చుకుంటే దానికుంది.

ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరు నిమ్హాన్స్, చెన్నై స్కార్ఫ్, గోవాలోని సంగత్ లాంటి సంస్థల్లో ప్రాజెక్టులు నడుస్తుంటాయి. మన దగ్గర కూడా జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలతో కలిసి స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిపింది. రీసెర్చ్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అనే పేర్లతో ప్రకటనలు పడతాయి. జీతం తక్కువే, ఊళ్లు తిరగాల్సి వస్తుంది. అయినా చేరండి.

అలాంటిది దొరక్కపోతే మీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లను అడగండి. ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించడం, ఇంటర్వ్యూలు రాసిపెట్టడం, డేటా ఎక్కించడం లాంటి పనులకు వాళ్లకెప్పుడూ మనిషి కావాలి. ఈలోగా డేటా విశ్లేషణకు వాడే సాఫ్ట్‌వేర్ ఆర్ (R) లేదా ఎస్‌పీఎస్‌ఎస్ నేర్చుకోండి. "నేర్చుకున్నాను" అంటే యూట్యూబ్ వీడియో చూడటం కాదు. మీ పీజీ డిజర్టేషన్ డేటాని మళ్లీ తీసి, గైడ్ సాయం లేకుండా విశ్లేషించి అవే ఫలితాలు రాబట్టగలిగితే నేర్చుకున్నట్టు.

4. ప్రొఫెసర్ల జాబితా తయారుచేయండి

మీ ఆసక్తిని ఒక్క వాక్యంలో రాయండి. "డిప్రెషన్" అంటే చాలదు. "పల్లెటూరి ఆడవాళ్లు దిగులును ఒంటి నొప్పులుగా ఎందుకు చెబుతారు" లాంటిది కావాలి. దాని మీద గత మూడేళ్లలో పేపర్లు రాసినవాళ్లను వెతకండి. ఒక ఎక్సెల్ షీట్‌లో పేరు, యూనివర్సిటీ, రెండు పేపర్లు, "ఈ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా" అనే గడి పెట్టుకోండి. చాలామంది ఈ సంగతి ల్యాబ్ పేజీలో లేదా డిపార్ట్‌మెంట్ పేజీలో ఆగస్టు, సెప్టెంబరు నాటికి పెడతారు. తీసుకోవడం లేదని ఉంటే అక్కడ ఫీజు కట్టడం వృథా. నా మొదటి 11 దరఖాస్తుల్లో నాలుగు ఇలా పోయినవే.

పేజీలో లేకపోతే ఈమెయిల్ పెట్టండి. ఐదారు వాక్యాలు చాలు: మీరెవరు, ఏ పని చేశారు, వాళ్ల ఏ పేపర్ చదివి ఏ ప్రశ్న వచ్చింది, ఈసారి విద్యార్థిని తీసుకుంటున్నారా. మన అలవాటు కొద్దీ "గౌరవనీయులైన సార్‌కి నమస్కరించి వ్రాయునది" ధోరణిలో పొగడ్తలతో మొదలుపెట్టొద్దు. పేరు ముందు డాక్టర్ అని రాస్తే మర్యాదకు సరిపోతుంది. ఆవిడని సార్ అని రాసి పంపినవాళ్లున్నారు, ఫొటో చూసి, పేరు రెండుసార్లు సరిచూసుకుని పంపండి. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. జవాబు రాలేదని అప్లై చేయడం మానొద్దు. కొందరు అందరినీ సమానంగా చూడాలని ఎవరికీ జవాబివ్వరు.

క్లినికల్‌తో పాటు కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీలు కూడా ఈ జాబితాలో పెట్టుకోండి. ఏపీఏ గుర్తింపు, సైకాలజిస్ట్ లైసెన్స్ దానికీ ఉంటాయి.

5. పరీక్షలు, కాగితాలు

జీఆర్ఈ చాలా ప్రోగ్రాములు తీసేశాయి. మీ జాబితాలో ఎవరూ అడగకపోతే రాయనక్కర్లేదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. టోఫెల్ రెండేళ్లే.

ఎగ్జామినేషన్ బ్రాంచి పని జూన్‌లోనే మొదలుపెట్టండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లకు, సీల్డ్ కవర్లకు ఎన్నిసార్లు తిరగాలో యూనివర్సిటీని బట్టి ఉంటుంది, నాకైతే ఏడు వారాలు పట్టింది. డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలో పోల్చి చెప్పే సంస్థ) మదింపు అందరూ అడగరు. అడిగితే కోర్సుల వారీ రిపోర్టే తీసుకోండి. మన శాతాన్ని మీకు మీరే జీపీఏగా మార్చేసి రాయొద్దు, మెమోలో ఎలా ఉంటే అలాగే వేయండి. మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

6. రికమెండేషన్ లెటర్లు

మన ప్రొఫెసర్లు ప్రేమగానే అంటారు: "నువ్వే రాసుకురా అమ్మా, సంతకం పెట్టేస్తా." అక్కడే చిక్కు. ముగ్గురి లెటర్లూ మీరే రాస్తే మూడూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లకు తెలిసిపోతుంది. "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్" అనే మాటలు తప్ప ఏమీ ఉండవు.

దాని బదులు ఒక పేజీ నోట్ తీసుకెళ్లి కూర్చోండి. "మేడమ్, ఆ 140 ఇంటర్వ్యూల్లో నేను కోడింగ్ తప్పు పట్టుకున్నాను, గుర్తుందా? అది రాస్తారా?" అని అడగండి. గుర్తుచేస్తే సంతోషంగా రాస్తారు. లెటర్ కాలేజీ లేదా సంస్థ ఈమెయిల్ నుంచి వెళ్లాలి, జీమెయిల్ నుంచి వెళ్తే కొన్నిచోట్ల అనుమానిస్తారు. ముగ్గురిలో కనీసం ఇద్దరు మీ రీసెర్చ్ పనిని దగ్గర నుంచి చూసినవాళ్లై ఉండాలి. మీ గురించి ఏమీ తెలియని హెచ్‌ఓడీ కంటే మీతో రోజూ పనిచేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ నయం.

7. స్టేట్‌మెంట్ రాయండి

నాకు చూడమని పంపేవాటిలో ఎక్కువభాగం ఇలా మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచి మనుషుల మనసులు తెలుసుకోవాలని నాకెంతో కుతూహలం." ఇది ఎవరైనా రాయగలరు. నిరుడు ఒకమ్మాయిది చూశాను. ఏలూరు దగ్గర ఒక ఊళ్లో డిప్రెషన్ ప్రశ్నావళి చదివి వినిపిస్తుంటే ఒక పెద్దావిడ, "దిగులా? దిగులెందుకమ్మా నాకు. ఒళ్లంతా మంటలు, గుండె దడ, అంతే" అందట. ఆ అమ్మాయి రాసింది: "మా ప్రశ్నావళిలో దిగులుకి మార్కులున్నాయి, మంటలకి లేవు." అక్కడి నుంచి తన ప్రశ్న, ఆ ప్రశ్నకి తను చేసిన పని, ఈ ప్రొఫెసర్ ల్యాబే ఎందుకు అన్నది. రెండు పేజీలు. చదువుతుంటే నాకే ఆ అమ్మాయితో పనిచేయాలనిపించింది.

సొంత బాధ గురించి చాలామంది అడుగుతారు. మీకో, ఇంట్లోవాళ్లకో మానసిక సమస్య వచ్చి ఉండొచ్చు, అందుకే ఈ దారిలోకి వచ్చి ఉండొచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ స్టేట్‌మెంట్‌లో అదే కథ నిండిపోతే కమిటీకి మీ పని కనిపించదు. రాయాలనిపిస్తే ఒక్క వాక్యంలో చెప్పి, అది మిమ్మల్ని ఏ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చిందో రాయండి.

కన్సల్టెన్సీ ఇచ్చే ఎస్‌ఓపీ వాడొద్దు. సరిచూసుకోవడానికి ఒక చిట్కా: ప్రొఫెసర్ పేరు, యూనివర్సిటీ పేరు తీసేసి మీ స్నేహితుడికి ఇవ్వండి. ఏ ల్యాబ్‌కి రాశారో చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

8. సబ్మిట్ చేసేరోజు

చాలాచోట్ల గడువు డిసెంబరు 1. న్యూయార్క్ సమయంలో రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 10:29. అయినా వారం ముందే పంపేయండి. పంపాక పని అయిపోలేదు. పోర్టల్లోకి వెళ్లి మూడు లెటర్లు, స్కోర్లు, ట్రాన్స్‌క్రిప్ట్ అన్నిటి పక్కనా "వచ్చింది" అని ఉందో లేదో రోజు మార్చి రోజు చూడండి. ఒక్క లెటర్ రాక ఆగిపోయిన దరఖాస్తులు నాకు తెలుసు.

9. ఇంటర్వ్యూ

జనవరి, ఫిబ్రవరిలో పిలుస్తారు. వీడియోలో రోజంతా జరిగే ఇంటర్వ్యూ అక్కడ ఉదయం 9 గంటలకు మొదలైతే మనకు రాత్రి 7:30, ముగిసేసరికి తెల్లవారుజామున మూడు దాటుతుంది. మధ్యాహ్నం నిద్రపోండి. ఇన్వర్టర్, మొబైల్ హాట్‌స్పాట్ రెండూ సిద్ధంగా ఉంచుకోండి.

మీ డిజర్టేషన్ గురించి రెండు నిమిషాల్లో చెప్పడం బిగ్గరగా ప్రాక్టీస్ చేయండి. అందులో లోపమేమిటని తప్పకుండా అడుగుతారు. "లోపమేం లేదు" అనొద్దు. శాంపిల్ చిన్నదనో, స్కేలు తెలుగులో పరీక్షించినది కాదనో నిజం చెప్పి, మళ్లీ చేస్తే ఏం మారుస్తారో చెప్పండి. అక్కడ చదువుతున్న విద్యార్థులతో మాట్లాడిస్తారు, అదీ ఇంటర్వ్యూయే. వాళ్లను మీరూ అడగండి: స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, ఇంటి అద్దె పోను ఎంత మిగులుతుంది, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ప్రొఫెసర్ డ్రాఫ్ట్ చూసి ఎన్నాళ్లకు ఇస్తారు.

10. సీటు వచ్చాక

ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కి జవాబివ్వడానికి సాధారణంగా ఏప్రిల్ 15 వరకు సమయం ఉంటుంది. ఈలోగా తొందరపెడితే టెన్షన్ పడొద్దు, మర్యాదగా గడువు అడగండి. వద్దనుకున్న ఆఫర్‌ని మాత్రం అట్టిపెట్టుకోకుండా వెంటనే వదిలేయండి, వెయిటింగ్ లిస్టులో మీలాంటివాళ్లే ఉంటారు.

ఒప్పుకునే ముందే అడగాల్సిన విషయం ఒకటి చాలామందికి తెలియదు. చివర్లో ఏడాదిపాటు పూర్తికాల ఇంటర్న్‌షిప్ చేయాలి, యాపిక్ అనే సంస్థ మ్యాచ్ ద్వారా సీట్లు కేటాయిస్తుంది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, అంటే వీఏలో సీట్లు చాలా ఉంటాయి గానీ అవి అమెరికా పౌరులకే. ఇంకో సంగతి, ఎఫ్‌-1 వాళ్లు ఈ ఇంటర్న్‌షిప్‌ని సాధారణంగా సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి మీద చేస్తారు. పూర్తికాల సీపీటీ 12 నెలలు నిండిందంటే, చదువయ్యాక పనిచేయడానికి రావాల్సిన అనుమతి, ఓపీటీ పోతుంది. ఒకట్రెండు రోజుల తేడాతో ఏడాది పని అవకాశం పోగొట్టుకోవచ్చు. అందుకే తేదీలు వేసుకునేటప్పుడు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో కూర్చుని లెక్క సరిచూసుకోండి. "మీ దగ్గర చదివిన విదేశీ విద్యార్థులు ఎక్కడెక్కడ ఇంటర్న్‌షిప్ చేశారు?" అని ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని ఇప్పుడే అడగండి. పేర్లతో జవాబు వస్తే మంచి గుర్తు.

లైసెన్స్ పరీక్ష ఈపీపీపీ, 225 ప్రశ్నలు. దాని గురించి ఇప్పట్నుంచే బెంగ వద్దు.

సీటు రాకపోతే

మొదటిసారి రాకపోవడం ఇక్కడ మామూలు సంగతి. మార్చి చివర్లో, ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసర్‌కి ధన్యవాదాలు చెబుతూ, దరఖాస్తులో ఏం మెరుగుపరచుకోవాలో అడగండి. అందరూ చెప్పరు, చెప్పిన ఒక్కరి మాటా బంగారం. ఇంటర్వ్యూలే రాకపోతే లోపం ఎక్కువగా రీసెర్చ్ అనుభవంలో గానీ, ప్రొఫెసర్ల ఎంపికలో గానీ ఉంటుంది. ఇంటర్వ్యూలు వచ్చి సీటు రాకపోతే దరఖాస్తు బాగున్నట్టే, మాట్లాడటం ప్రాక్టీస్ చేయాలి. చేస్తున్న ప్రాజెక్టును మానేయకండి. పాత ఎక్సెల్ షీట్‌లో "తీసుకుంటున్నారా" అనే గడి ఖాళీ చేసి, ఆగస్టులో మళ్లీ నింపడం మొదలుపెట్టండి.